హోరు లేని గది

ఫిబ్రవరి 3, సోమవారం

అన్నయ్యా,

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు చెప్పాలనే చూశాను. "ఒక పిల్లిని తెచ్చాను" అన్నానో లేదో, నువ్వు నీ వాక్యగ్రంథంలో ఓడలోకి జంటలు జంటలుగా ఎక్కిన జంతువుల దగ్గరికి వెళ్ళిపోయావు. ఓడ కొండమీద ఆగేసరికి నా ఫోనులో ఛార్జింగు అయిపోయింది. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీదైతే నేను మొదలుపెట్టిన మాట నేనే పూర్తిచేసుకోవచ్చు.

సంగతేమిటంటే, ఆయన అలమారా ఖాళీ చెయ్యమని లాండ్రీ నుంచి కబురు వచ్చింది. శనివారం వెళ్ళాను. రెండు యూనిఫారం చొక్కాలు, ఒక ఫ్లాస్కు, పళ్ళు విరిగిన దువ్వెన. ఆయన పోయాక ఆరు వారాలు తాళం వేసి ఉన్నా చొక్కాల్లో నూనె వాసన పోలేదు.

నువ్వు ఆ బాయిలరు గది ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళో ఆసుపత్రుల దుప్పట్లన్నిటికీ ఆవిరి అక్కడినుంచే వెళ్తుంది. లోపల ఎంత హోరంటే నేను మాట్లాడింది నాకే వినపడదు. ఆయన పద్దెనిమిదేళ్ళు ఆ హోరులోనే పనిచేశారు. బాయిలరు వెనకాల, గోడకీ గొట్టానికీ మధ్య జానెడు సందులో ఒక బూడిదరంగు పిల్లి ఉంటుంది. ఆడది. ఎడమ చెవి కొస లేదు. ఆయన దాన్ని 'సూపర్‌వైజరు' అనేవారు. పని చెయ్యదు, కదలదు, కళ్ళు సగం మూసుకుని మనం చేసేది చూస్తూ ఉంటుందని. తన క్యారియర్‌లో సగం దానికే పెట్టేవారట. ఆమధ్య మనిషికి ఆకలి పెరిగిందనుకుని నేను రోజూ ఎక్కువ కట్టి పంపాను. ఆ ఎక్కువంతా ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది.

వాచ్‌మన్ అన్నాడు: "ఈ బాయిలరు పన్నెండున ఆపేస్తారమ్మా. కొత్తది గ్యాసుది, బయట షెడ్డులో పెట్టారు. పంతొమ్మిదిన పాత ఇనుము వాళ్ళొచ్చి దీన్ని ముక్కలు చేసి పట్టుకుపోతారు. ఇదెక్కడికి పోతుంది చెప్పండి? వీధిలో నాలుగు కుక్కలున్నాయి."

నేనేమీ ఆలోచించలేదు. మూతున్న బట్టల బుట్ట ఒకటి ఇమ్మన్నాను. రెండు చేతులూ గీరింది. తెచ్చి కుట్టుమిషను గదిలో వదిలాను. ఆ గది చిన్నది, తలుపు గట్టిది. వదలగానే మిషను వెనక్కి వెళ్ళి మోటారుని ఆనుకుని కూర్చుంది. అప్పటినుంచీ అక్కడే. ఏమీ తినలేదు. రాత్రంతా ఏడుస్తుంది. పిల్లి ఏడుపు కాదు, తలుపు కీలు మోగినట్టు ఉంటుంది.

నాకెలా ఉందని నువ్వు ప్రతిసారీ అడుగుతావు. ఏమీ అనిపించడం లేదు. పన్ను పీకేముందు ఇంజెక్షను ఇస్తే చెంప ఎలా ఉంటుందో అలా ఉంది. నా చెంపే, కానీ ఎవరిదో.

వదిన చిన్నప్పుడు వాళ్ళింట్లో పిల్లులుండేవి కదా. రాత్రిళ్ళు ఏం చెయ్యాలో అడిగి చెప్పు.

నీ చెల్లి

---

ఫిబ్రవరి 6, గురువారం

సూదమ్మా,

లారీ కింద పడుకుని బ్రేకులు బిగిస్తున్న నన్ను నలిగిపోకుండా ఈ సాయంత్రానికీ బయటికి లాగినవాడికి స్తోత్రం! చేతులు రెండుసార్లు కడిగినా ఈ కాగితానికి గ్రీజు అంటింది, క్షమించు. నా వాక్యగ్రంథంలో ఏ పుట తీసినా ఇదే గ్రీజు.

నీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. కూర్చుని చదవాల్సిన ఉత్తరం కాదది! కాసుకి రెండు చొప్పున అమ్ముడుపోయే పిచ్చుక నేల రాలితే తండ్రికి తెలుస్తుందంటే, బాయిలరు వెనకున్న పిల్లి సంగతి తెలియదా? నిన్ను అక్కడికి పంపిందెవరు? లాండ్రీ మేనేజరా? కాదు! పెద్ద చేప కడుపులో మూడు పగళ్ళు మూడు రాత్రులు ఉన్న ప్రవక్త గుర్తున్నాడా? నీ పిల్లి ఇప్పుడు ఆ చేప కడుపులో ఉంది. చీకటి, భయం, ఉపవాసం. రేపో మాపో ఒడ్డున పడుతుంది చూడు.

ఇంక నువ్వు రాసిన ఆ మాట, ఏమీ అనిపించడం లేదన్న మాట. దాన్ని ఎన్నిసార్లు చదివానో! జ్ఞానానికి అందని శాంతి అంటే ఏమిటని ఇరవై ఏళ్ళుగా వీధి మూలల్లో నిలబడి అరుస్తున్నాను. నా చెల్లెలు ఒక్క వాక్యంలో రాసి పంపింది. బావని మట్టిలో పెట్టిన రోజు నువ్వు ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదు. అక్కడే, గోతి పక్కనే నిలబడి చెప్పాను కదా: "చూడండి నా చెల్లెలి కళ్ళు! పొడిగా ఉన్నాయి! ఇదీ విశ్వాసమంటే!" ఆ తర్వాత తొమ్మిది చోట్ల చెప్పాను. ప్రతిచోటా మనుషులు కదిలిపోయారు.

నిన్న బుధవారం కూడికలో నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నలభైమంది వచ్చారు. టైర్ల దుకాణం ముసలాయన, ఎప్పుడూ నిద్రపోయే మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు.

మీ వదిన పక్కనుంచి చెబుతోంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "గది మార్చొద్దు. అట్టపెట్టె పక్కకి తిప్పి పెట్టు, దూరడానికి. అందులో ఆయన చొక్కా వెయ్యి, ఉతక్కుండా. రాత్రి పడుకోబోయేముందు తిండి పెట్టి నువ్వు బయటికొచ్చెయ్యి. పాలు పొయ్యకు, కడుపు చెడుతుంది. కళ్ళల్లోకి చూడకు. ఎత్తుకోవాలని చూడకు. ఇంట్లో చప్పుడు చెయ్యకు." చివరి మాట నన్ను చూసి అంది.

నీ అన్న, ఆయన పనివాడు

---

ఫిబ్రవరి 8, శనివారం

అన్నయ్యా,

మీ ప్రవక్త చేప కడుపులో ప్రార్థన చేశాడు. ఇది చెయ్యడం లేదు. మిగతాదంతా సరిపోయింది.

వదిన చెప్పినట్టే చేశాను. మెషీన్‌ దారాలొచ్చిన పెట్టె ఉంది, దాన్ని పక్కకి తిప్పాను. చొక్కా వేశాను. వేసేముందు కొంచెంసేపు చేతిలో పట్టుకున్నాను. ఏమీ కాలేదు. వేసేశాను.

నీ ఉత్తరం అందకముందే, గురువారానికి అయిదో రోజు. పశువుల ఆసుపత్రికి వెళ్ళి కాంపౌండరమ్మని అడిగాను. పక్కింటివాళ్ళ మీద చాడీలు వింటున్నట్టు మొత్తం విని, "మూడు నాలుగు రోజులు పస్తుంటే పిల్లికి కాలేయం పోతుందండీ. కుక్కలా కాదు. ఇవాళ రాత్రి తినకపోతే పొద్దున్నే తీసుకురండి, గొట్టం వెయ్యాలి" అంది. ఆ సాయంత్రం చేప ఉడకబెట్టి, ముళ్ళు తీసి, వెచ్చగా ఉండగానే గిన్నె పెట్టి తలుపు వేసుకుని బయట నేలమీద కూర్చున్నాను. చాలాసేపటికి గిన్నె నేలమీద జరిగిన చప్పుడు. పొద్దున చూస్తే సగం ఉంది. సగం తిన్నదనుకోవాలా, సగం వదిలిందనుకోవాలా అని కాంపౌండరమ్మని అడిగితే, "తిన్నదనుకోండి, గొట్టం తప్పింది" అంది.

ఇంట్లో చప్పుడు లేకుండా చూస్తున్నాను. మిషను ముట్టుకోలేదు. నర్సుల గౌన్లు ఇరవైనాలుగు ఒప్పుకున్నాను, అలాగే ఉన్నాయి. రాత్రిళ్ళు ఫ్యాను కూడా లేదు. అది ఆయన పోయిన రోజు ఆపిందే, మళ్ళీ వెయ్యలేదు. నీకు తెలుసుగా, హోరు లేకపోతే నిద్ర పట్టదని ఇంత చలిలోనూ టేబుల్ ఫ్యాను తిప్పుకునేవారు. పెళ్ళయినప్పటినుంచీ దాని కోసం పోట్లాడాను. ఇప్పుడు ఇల్లంతా నేను కోరుకున్నట్టే ఉంది. పిల్లికీ నిద్ర లేదు, నాకూ లేదు. తలుపుకి అటు అది, ఇటు నేను.

ఒక సంగతి. నా ఉత్తరం కూడికలో చదివానన్నావు. పన్ను మాట కూడా చదివావా? అది నీకు రాశాను, టైర్ల దుకాణం ఆయనకి కాదు. ఇక ముందు చదవకు.

నీ చెల్లి

---

ఫిబ్రవరి 10, సోమవారం

సూదమ్మా,

తిన్నది! సగం చేప తిన్నది! అయిదు రొట్టెలు, రెండు చేపలు అయిదువేలమందికి సరిపోయాయంటే నమ్మనివాళ్ళకి నీ సగం చేప చూపించాలి. నేను ఇవాళ వర్క్‌షాపులో స్పానరు కింద పడేసి చప్పట్లు కొట్టాను. మేస్త్రీ "లాటరీ తగిలిందా?" అన్నాడు. "మా చెల్లెలి పిల్లి తిన్నది" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు.

చదవొద్దన్నావు. నీ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు నీ కుట్టు బాగుందని ఎవరైనా అంటే గౌను వెనక దాచుకునేదానివి. వినయం మంచిదే. కానీ వెలిగించిన దీపం మీద ఎవరైనా గిన్నె బోర్లిస్తారా? నీ సాక్ష్యం నీది కాదమ్మా, ఆకలిగా ఉన్నవాళ్ళది. ఈ సాయంత్రమే కూడిక పెట్టించి ఈ ఉత్తరం కూడా చదివాను. తలుపుకి అటు అది, ఇటు నేను అన్నావే, ఆ ఒక్క మాట మీద గంటన్నర మాట్లాడాను. తలుపు దగ్గర నిలబడి తట్టేవాడెవడు? తెరవనిదెవరు? గొంతు పోయింది. ఇప్పటికీ మిరియాలు నములుతున్నాను.

ఇంకో శుభవార్త. నువ్వు ఒంటరిగా ఉన్నావని మీ ఊరి సహోదరీల గుంపుకి ఉత్తరం రాశాను, పిల్లి సాక్ష్యం అంతా వివరంగా. వాళ్ళు ఎంత సంతోషించారో! పన్నెండు సాయంత్రం నీ ఇంటికి వస్తారు. పాటలు పాడి ప్రార్థన చేస్తారు. నీకూ దానికీ బలం.

మీ వదిన "ముందు మీ చెల్లెల్ని అడగకుండా ఎందుకు రాశారు?" అంటోంది. ఆశీర్వాదానికి అర్జీ పెట్టుకోవాలా?

నీ అన్న, ఆయన పనివాడు

---

ఫిబ్రవరి 13, గురువారం

అన్నయ్యా,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. వాళ్ళు పన్నెండున వస్తారని అందులో ఉంది. వాళ్ళు నిన్న వచ్చి వెళ్ళారు.

నిన్న సాయంత్రం మొదటిసారి నేను గదిలో ఉండగా పిల్లి పెట్టెలోంచి బయటికి వచ్చింది. నేను గోడవైపు తిరిగి గుండీలు కుడుతున్నాను. గిన్నె దగ్గరికి వచ్చి తినడం మొదలుపెట్టింది. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

అప్పుడు బయట పాట మొదలైంది. ఏడుగురు. చేతాళాలు. వీధి తలుపు గడియ వెయ్యలేదు నేను. వాళ్ళు పాడుతూనే లోపలికి వచ్చారు. ముందున్నావిడ "ఏదమ్మా, ఆ సాక్ష్యపు పిల్లి ఏదీ?" అంటూ మిషను గది తలుపు తీసింది. పిల్లి వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది.

వాళ్ళు అది తిరిగి రావాలని ప్రార్థన చేశారు. తర్వాత నా కళ్ళు చూడాలన్నారు. పొడిగా ఉంటాయని విన్నారట.

నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

చెల్లి

---

ఫిబ్రవరి 15, శనివారం

చెల్లెమ్మా,

నీ ఉత్తరమూ, సహోదరీల ఉత్తరమూ ఒకే టపాలో వచ్చాయి. నీది అరపేజీ. వాళ్ళది నాలుగు పేజీలు. ఏడుగురు పెద్దవాళ్ళు చలిలో నడిచి నీ గడపకి వస్తే, కూర్చోమని కూడా అనకుండా తలుపు వేసుకున్నావట! నేను ఏం సమాధానం చెప్పాలి? నా చెల్లెలు అని ఎంత గొప్పగా చెప్పుకున్నాను!

బాధ నాకూ ఉంది. కానీ ఇది శోధన, విశ్వాసానికి పరీక్ష, గుర్తుపట్టు! అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో ఒళ్ళు గోక్కున్న ఆ భక్తుడు ఒక్క దూషణ మాట అన్నాడా? నీకు పోయింది ఒక పిల్లి! భర్త పోతే కన్నీరు పెట్టనిదానివి ఒక పిల్లికోసం ముఖం మాడ్చుకుంటావా? ఆ విశ్వాసం ఏమైంది? వెళ్ళు, వెతుకు. తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాని కోసం కొండలెక్కిన కాపరి ఇంట్లో తలుపేసుకు కూర్చోలేదు. దొరికితే వెంటనే రాయి. బుధవారానికి అందితే మంచిది.

మీ వదినని ఏమైనా రాయమంటే రాయనంది. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, వెళ్తుంది. ఈ ఇంట్లో కూడా శోధనే.

నీ అన్న

---

ఫిబ్రవరి 17, సోమవారం

అన్నయ్యా,

వెతికాను. నువ్వు చెప్పకముందే. కొండలెక్కలేదు. నాలుగు వీధులు నడిచాను. శుక్రవారం వాచ్‌మన్ లోపలికి రానిచ్చాడు.

బాయిలరు పన్నెండున ఆపేశారు. అంటే అది మా ఇంట్లోంచి పారిపోయి అక్కడికి చేరేసరికి అక్కడ కూడా ఏమీ లేదు. ఆ గదిలోకి అడుగుపెడితే నా చెప్పుల చప్పుడు నాకు వినపడింది. ఎప్పుడూ వినలేదు అక్కడ. అది బాయిలరు వెనక, దాని పాత సందులోనే ఉంది. ఇనుముకి ఒళ్ళంతా ఆనించి కూర్చుంది. నేను చెయ్యి పెట్టి చూశాను. రాయిలా ఉంది ఇనుము. పిల్లి మాత్రం కదలడం లేదు. వెచ్చబడుతుందని చూస్తోంది.

శుక్ర, శని, ఆది, మూడు సాయంత్రాలూ వెళ్ళాను. బుట్టలో ఆయన చొక్కా వేసి పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుంటున్నాను. చేప తింటుంది, మళ్ళీ ఇనుము దగ్గరికి వెళ్తుంది. పట్టుకోవాలని చూస్తే గొట్టాల మీదికి ఎక్కుతుంది. ఎల్లుండి పొద్దున్నే ఇనుము వాళ్ళొస్తారు. ఇంక ఇవాళ, రేపు, రెండు సాయంత్రాలే ఉన్నాయి.

అక్కడ కూర్చున్నప్పుడు తోచింది నీకు రాస్తున్నాను. ఆయన పోయిన రోజు ఆసుపత్రిలో నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు చెప్పేసి వెళ్ళిపోయాడు. నేను వదల్లేదు. ముందు వేళ్ళు చల్లబడ్డాయి. తర్వాత అరచెయ్యి. మోచెయ్యి దగ్గర చాలాసేపు వెచ్చగా ఉంది. అక్కడ పట్టుకున్నాను. అదీ అయిపోయింది. నర్సు వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. అప్పటినుంచీ ఇంజెక్షను ఇచ్చిన చెంపలా ఉన్నాను. అది శాంతి కాదు అన్నయ్యా. విశ్వాసం అంతకన్నా కాదు. ఏడుపు రాలేదు, అంతే.

రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకున్నాను. కానీ నువ్వు గోతి పక్కన నిలబడి నా కళ్ళు అందరికీ చూపించావు. ఆ తర్వాత తొమ్మిది చోట్ల చూపించావు. ఇంక నేను ఎలా ఏడవను? ఏడిస్తే నీ ప్రసంగం అబద్ధమైపోతుంది. ఒకసారి, ఆయన చెప్పులు గుమ్మం పక్కన కనిపించి, ఏడుపు రాబోయింది. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్ళు పెట్టుకున్నాడని నాకు చెప్పింది నువ్వే, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మన కుక్క చచ్చిపోయినప్పుడు. "ఏడువు, ఆయనే ఏడ్చాడు" అని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావు. అప్పుడు నీకు పధ్నాలుగు. ప్రసంగాలు లేవు.

దొరికితే బుధవారానికి రాయమన్నావు. రాయను.

నీ చెల్లి

---

ఫిబ్రవరి 19, బుధవారం

సూదమ్మా,

కూడిక నుంచి ఇప్పుడే వచ్చాను. నీ ఉత్తరం మధ్యాహ్నం వర్క్‌షాపుకి అందింది. చదివాక లారీ కిందికి వెళ్ళి పడుకున్నాను. పని ఏమీ లేదు ఆ లారీకి.

సాయంత్రం అందరూ వచ్చారు. లేచి గ్రంథం తెరిచాను. కాసేపు నిలబడ్డాను. "ఇవాళ ప్రసంగం లేదు, పాట పాడి వెళ్దాం" అన్నాను. టైర్ల దుకాణం ఆయన "ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. "మీ చెల్లెలి పిల్లి దొరికిందా?" అని ఇంకొకరు. నాకు తెలియదన్నాను.

నీకు ఒకటి చెప్పాలి, సిగ్గుగా ఉంది. నిలబడ్డ ఆ కాసేపట్లో నా తప్పునే చెబుదామని తోచింది. నేను మా చెల్లెల్ని ఇలా చేశాను అని ఒప్పుకుంటే ఎంత బాగుంటుంది, ఎంతమంది కదిలిపోతారు అని. మొదటి మాట నాలుక మీదికి కూడా వచ్చింది. అప్పుడు నన్ను చూసి నాకే భయం వేసింది. నోరు మూసుకున్నాను.

బూడిదలో కూర్చున్న ఆ మనిషి గురించి నీకు రాశాను కదా. అతన్ని చూడటానికి ముగ్గురు స్నేహితులొచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. అతని బాధ అంత పెద్దదని వాళ్ళకి తెలిసింది. వాళ్ళు చేసిన మంచి అదొక్కటే. ఎనిమిదో రోజు నోరు తెరిచారు, అక్కడినుంచీ పుస్తకమంతా వాళ్ళ తప్పే. దీనిమీద పదకొండుసార్లు మాట్లాడాను చెల్లీ. ఒక్కసారి కూడా నాకు తగల్లేదు.

నీ రెండు ఉత్తరాలూ, నేను చదివినవి, వెనక్కి పంపిస్తున్నాను. అవి నీవి. ఆ సహోదరీలకి కూడా రాశాను, నీ ఇంటికి వెళ్ళొద్దని. కారణం రాయలేదు.

కుక్క సంగతి నేను మరిచిపోయాను. నువ్వు రాశాక గుర్తొచ్చింది. దాని గొలుసు కూడా.

మీ వదిన ఇప్పుడే వచ్చి గ్లాసు పెట్టి, "రాస్తున్నది ఎవరికి చదివి వినిపించడానికి?" అని అడిగింది. ఎవరికీ కాదన్నాను. కూర్చుంది.

ఇవాళ పంతొమ్మిది. ఇనుము వాళ్ళు వచ్చి వెళ్ళి ఉంటారు. నేను ఏమీ అడగను.

అన్నయ్య

---

ఫిబ్రవరి 22, శనివారం

అన్నయ్యా,

అడగనన్నావు కాబట్టి చెబుతున్నాను. ఇది నీకూ వదినకీ.

పద్దెనిమిది సాయంత్రం చాలాసేపు కూర్చున్నాను. పిలవలేదు. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. మూడోసారి "తాళం వెయ్యాలమ్మా" అన్నాడు. లేవబోతుంటే అది సందులోంచి వచ్చి, నావైపు చూడకుండా, బుట్ట ఎక్కి చొక్కా మీద కూర్చుంది. విసుగొచ్చిందనుకుంటాను. ఇనుము ఇంక వెచ్చబడదని తేల్చుకుంది. మూత వేశాను. గీరలేదు.

ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ మళ్ళీ మొదటికొచ్చింది. గది, పెట్టె, చొక్కా, చేప, చప్పుడు లేకపోవడం, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. అది మిషను మోటారుని ఆనుకుని కూర్చుని, పైకీ కిందికీ చూస్తూ ఏడ్చింది. తలుపు గోకింది. పొద్దున చూస్తే గోళ్ళల్లో రక్తం.

గురువారం నర్సుల గౌన్లకి మనిషి వచ్చి అరిచి వెళ్ళింది. శుక్రవారం ఇరవైనాలుగూ కావాలంది. ఇంక గత్యంతరం లేక ఆ రాత్రి గదిలోకి వెళ్ళి మిషను మీద కూర్చున్నాను. భయపడితే పడుతుంది, గౌన్లయినా అవుతాయి అనుకున్నాను. పెడల్ నొక్కాను. మోటారు మోగింది.

ఏడుపు ఆగింది.

నేను కిందికి చూడలేదు. ఒక అంచు కుట్టాను, ఇంకో అంచు కుట్టాను. మోటారు డబ్బా వెచ్చబడ్డాక నా కాలికి ఏదో తగిలింది. చూస్తే అది డబ్బాకి వీపు ఆనించి, కాళ్ళు చాపి పడుకుంది. కడుపు కనిపిస్తోంది. నేను కుట్టడం ఆపితే చెవి లేచేది. మళ్ళీ నొక్కితే పడుకునేది. గౌన్లు అయిపోయాయి. దారం కూడా అయిపోయింది. సూదిలో దారం లేకుండానే పాతగుడ్డ మీద ఇంకా చాలాసేపు కుట్టాను. వరసగా ఒట్టి చిల్లులు.

దానికి ఆ హోరే ఇల్లు అన్నయ్యా. పుట్టినప్పటినుంచీ బాయిలరు పక్కనే పడుకుంది. మనం అందరం కలిసి దాన్ని నిశ్శబ్దంలో పెట్టి, నిద్రపో నిద్రపో అన్నాం. వదిన మాటలో తప్పులేదు, మామూలు పిల్లులకి అదే మందు. ఇది మామూలు పిల్లి కాదు, ఆయన పిల్లి.

పాదం నొప్పి పుట్టింది. రాత్రంతా ఎలా తొక్కను? అప్పుడు గుర్తొచ్చింది.

మంచం కింద పెట్టిన టేబుల్ ఫ్యాను తీశాను. దుమ్ము తుడిచాను. గదిలో మూలకి, గోడవైపు తిప్పి పెట్టి స్విచ్ వేశాను. అదే గరగర, అదే ఒక రెక్క తగులుతున్న చప్పుడు. సూపర్‌వైజరు లేచి, ఒళ్ళు విరుచుకుని, ఫ్యాను దగ్గరికి వెళ్ళి, దాని అడుగుని ఆనుకుని, ముక్కు తోకలో దాచుకుని నిద్రపోయింది. నేను చాప తెచ్చి అక్కడే నేలమీద పడుకున్నాను. చలి. ఈ ఫ్యాను ఏమిటండీ ఇంత చలిలో అని నోటిదాకా వచ్చింది, పక్కకి తిరిగాను కూడా అనడానికి.

అప్పుడు ఏడుపొచ్చింది. ఎక్కువసేపు కాదు. మిషను బాబిన్ మీద దారం నిండేంతసేపు. నా ఏడుపు నాకు వినపడలేదు, ఫ్యాను ఉంది కదా. అది నిద్రలేవలేదు. తర్వాత నేనూ పడుకున్నాను. లేచేసరికి తెల్లగా తెల్లారిపోయింది. ఇవాళ పొద్దున కాఫీ వేడిగా ఉందని తెలిసింది, నాలుక కాలింది.

ఇంకా మొద్దుగానే ఉంది. ఇంజెక్షను పూర్తిగా దిగలేదు. కానీ చెంప నాదే.

నువ్వు పాపం కూడికలో నోరు మూసుకుని ఎన్నాళ్ళు ఉంటావు? నీ గొంతు పెద్దదని నేనెప్పుడూ అనలేదు. మనం చిన్నప్పుడు పక్కగదిలో నువ్వు వాక్యం గట్టిగా చదువుతుంటేనే నాకు నిద్రపట్టేది. నీ హోరు నువ్వు పెట్టు. అందులో నేను లేకపోతే చాలు.

ఇది సాక్ష్యం కాదు. ఉత్తరం.

చెల్లి

---

ఫిబ్రవరి 24, సోమవారం

సూదమ్మా,

ఉత్తరం అందింది. నేనూ మీ వదినా చదివాం. మడిచి పెట్టాను.

ఫ్యాను వేసుకుని పడుకునేటప్పుడు రెండు దుప్పట్లు కప్పుకో.

అన్నయ్య